సరేగారి భార్య ఒప్పుకోదు

కాదు అన్న మాట ఆ మనిషి నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. పార్సిల్ ఆఫీసులో హెడ్ గుమాస్తా ఆయన. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. అందరికీ ఆయన సరేగారే. ఏమడిగినా ముందు "నాకు సరే" అంటాడు. తర్వాత ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ మా ఆవిడ ఒప్పుకోదండీ" అంటాడు.

ఆదివారం కొండెక్కుదాం రమ్మంటే ఆవిడ ఒప్పుకోదు. ఈత నేర్చుకుందాం రమ్మంటే ఆవిడకి నీళ్ళంటే భయం. ఆఫీసు కొత్త భవనంలో లిఫ్ట్ పెట్టిస్తే, సరేగారు నాలుగంతస్తులూ మెట్లెక్కి వస్తూ, "నాకేం లేదండీ, లిఫ్టెక్కనని మా ఆవిడకి మాటిచ్చాను" అనేవాడు. అందరూ జాలిపడేవాళ్ళు. పులిలాంటి మనిషిని ఆ మహాతల్లి పిల్లిని చేసి కూర్చోబెట్టిందని క్యాంటీనులో చెప్పుకునేవాళ్ళు.

సరే, ఇంటికొచ్చాక? ఇంటికొచ్చాక ఇదే పాట, రాగం వేరు. "నాకు సరేనే, కానీ మేనేజరు ఒప్పుకోడు." చుట్టాలింటికి నాలుగు రోజులు పోదామంటే మేనేజరు సెలవివ్వడు. స్కూటరు నేర్చుకోండి అంటే మేనేజరుకి స్కూటరు మీద వచ్చేవాళ్ళంటే గిట్టదు. చూశారా తెలివి! ఆడలేక మద్దెల ఓడు అన్నవాడైనా ఒక్క మద్దెలతో సరిపెట్టుకున్నాడు. ఈయన ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి పెట్టుకున్నాడు. రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు గనక బండి నడిచిపోయింది.

ఆయన భార్య టైలరు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు, చొక్కాలు, గౌన్లు కుట్టేది. వీధిలో అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. పెరట్లో పాము దూరితే కర్ర తీసింది ఆమె. ఫ్యూజు పోతే వేసేది ఆమె. మిద్దె మీద నీళ్ళ ట్యాంకులో దిగి పాచి కడిగేది కూడా ఆమే. సరేగారు కింద నిచ్చెన పట్టుకుని, "జాగ్రత్త, పడతావు" అని పైకి చూస్తూ చెమటలు కక్కేవాడు. పాపం, నిచ్చెన మాత్రం గట్టిగా పట్టుకునేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

టైలరమ్మకి మనసులో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆమె చిన్ననాటి స్నేహితురాలు రేవు పట్నంలో పెద్ద కుట్టుపని కేంద్రం పెట్టింది. "కటింగు మాస్టరుగా నువ్వే రావాలే, నీ కత్తెర ముందు ఎవరూ నిలవరు" అని ఒకటే పోరు. అదే పట్నంలో సరేగారి కంపెనీకి బ్రాంచి ఉంది. బదిలీ అడగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను అని ఆమె బతిమాలింది. అడుగుతానన్నాడు. ఒక సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి, "మేనేజరు ఒప్పుకోలేదే" అన్నాడు. ఆ ముఖం చూసి ఆమె తన దుఃఖం దిగమింగుకుని ఆయనకే టీ పెట్టి ఇచ్చింది.

అప్పట్నుంచి ఆమెకి మేనేజరంటే మండిపాటు. మిషను తొక్కుతున్నంతసేపూ ఆయన్నే తిట్టుకునేది. ఎప్పుడూ చూడకపోయినా ఆయన రూపం ఊహించేసుకుంది కూడా. ఆరడుగుల ఎత్తు, కోరమీసం, ఎర్రటి కళ్ళు, అయినదానికీ కానిదానికీ బల్ల గుద్దే చెయ్యి. సూది విరిగినప్పుడల్లా, "వాడి చెయ్యి విరగ" అనుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. సరేగారు స్నానాల గదిలో ఉన్నాడు. టైలరమ్మ తీసింది. అవతల ఆఫీసు టైపిస్టు.

"మేడమ్, రేపు మా ఆఫీసు విహారయాత్ర. సరస్సు చూడ్డానికి వెళ్తున్నాం. అందరూ కుటుంబాలతో వస్తున్నారు. ఈసారైనా మీరు వస్తారేమో కనుక్కోమన్నారు మేనేజరు గారు."

"కుటుంబాల్ని రానివ్వరుగా?"

"అయ్యో, ఎవరన్నారండీ? ప్రతి ఏడూ రానిస్తాం. మీకే బస్సు పడదని..."

టైలరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "వస్తానమ్మా" అని ఫోను పెట్టేసింది. ఆ మాట విన్న సరేగారు లోపల సబ్బు జారవిడిచిన చప్పుడు ముందుగదిదాకా వినిపించింది.

మర్నాడు బస్సులో మేనేజరు మొదటి సీటు. సరేగారు భార్యని చిట్టచివరి సీటుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "వెనకైతే గాలి బాగా తగులుతుంది" అన్నాడు. ఆమె లేచి నిలబడితే ఈయనా లేచి అడ్డం నిలబడ్డాడు. ముందునుంచి ఎవరైనా వెనక్కి వస్తుంటే ఎదురెళ్ళి మాటల్లో పెట్టి అటే తిప్పి పంపాడు. టైపిస్టు "మేడమ్ రాలేదా?" అని అడిగితే, "బస్సు చూసి భయపడి ఆగిపోయిందండీ" అని గొణిగాడు. దారి పొడుగునా ఇదే కాపలా. తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సగం దారిలో బస్సు ఇంజను పొగలు కక్కింది. చల్లారేదాకా కదలదన్నాడు డ్రైవరు. ఆగిన చోట ఒక చిన్న విమానాల మైదానం ఉంది. మైదానమంటే మైదానమే, ఒక రేకుల షెడ్డు, ఒక టీ క్యాంటీను, గడ్డిలో నిలబెట్టిన ఒకే ఒక్క చిన్న విమానం. అందరూ క్యాంటీనులో చేరి టీలు చెప్పారు. టైలరమ్మ చేతులు కడుక్కోవడానికి పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు షెడ్డులోంచి ఒక పెద్దావిడ వచ్చింది. మోచేతుల దగ్గర అరిగిపోయిన తోలుకోటు, చేతిలో గ్రీజు గుడ్డ. ఆ విమానం నడిపేది ఆవిడే. క్యాంటీనువాడు ఆవిణ్ణి పైలటమ్మా అని పిలిచాడు.

"ఇదిగో, రావాల్సినవాళ్ళు రాలేదు" అందావిడ, అందరినీ ఉద్దేశించి. "ఇంజను ఎలాగూ తిప్పాలి, లేకపోతే మొరాయిస్తుంది. ముగ్గురికి చోటుంది. ఊరికే తిప్పి తీసుకొస్తా. ఎవరొస్తారు?"

అంతవరకు బస్సులో ప్రాణాలు లెక్కలేనట్టు ఊగిపోతూ పాటలు పాడిన జనం ఉన్నట్టుండి టీగ్లాసుల్లో ఏదో పోగొట్టుకున్నట్టు వంగి చూడడం మొదలుపెట్టారు. ఒకాయనకి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకాయన, బస్సు డ్రైవరుకి సాయం చెయ్యాలంటూ బయటికి పరుగెత్తాడు. ఆయనకి బస్సు గురించి తెలిసిందల్లా టిక్కెట్టు కొనడమే.

చివరికి మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పొట్టిగా, గుండ్రంగా, మెత్తగా ఉంటాడాయన. "నేను వస్తానమ్మా" అన్నాడు. అంతమంది ముందు మేనేజరై పుట్టాక రానని ఎలా అంటాడు? "మన సరేగారు ఎటూ రెడీయే. కానీ పాపం, వాళ్ళావిడ ఒప్పుకోదు కదా."

"అవును పాపం" అంది టైపిస్టు. "ఆవిడకి ఎత్తంటే భయం, నీళ్ళంటే భయం, లిఫ్టంటే భయం. కొత్త ఊరన్నా భయమేనట."

"ఎవరికి?" అంది టైలరమ్మ. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అప్పుడే లోపలికి వచ్చింది.

"సరేగారి భార్యకండీ."

"నేనే ఆవిణ్ణి."

మేనేజరు గబుక్కున లేచి నమస్కారం పెట్టాడు. "మీరేనా అమ్మా! ఇన్నేళ్ళకి చూశాం. మీకు కోపం రాకపోతే ఒక మాట. రేవు పట్నం బ్రాంచికి అధికారిగా వెళ్ళమని సరేగారిని ఎంత బతిమాలామో! మీరు ససేమిరా అన్నారట. రాత్రంతా ఏడ్చారట. సరేలే, ఆడకూతుర్ని ఏడిపించి మనం బాగుపడతామా అని ఊరుకున్నాం."

"నేను ఏడ్చానా?" అంది టైలరమ్మ. "మీరే ఒప్పుకోలేదని ఈయన అన్నారే!"

"నేనా? ఒప్పుకోకపోవడమేంటమ్మా, కాగితం సిద్ధం చేసి ఇంకు పోసిన కలం చేతికిస్తే..."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోరమీసం లేదు, ఎర్రటి కళ్ళు లేవు. ఎదురుగా ఉన్నది చొక్కా గుండీ ఒకటి ఊడిపోయిన ఒక మంచి మనిషి. ఈయన్ని ఇన్నేళ్ళూ తిట్టానా, ఈయన చెయ్యి విరగాలని కోరుకున్నానా అని ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే కోపం తన్నుకొచ్చింది. ఒంట్లో ఎక్కడా భయమనేది లేనిదాన్ని పట్టుకుని, ఊరందరి ముందు పిరికిదాన్ని చేశాడే! పోనీ అదైనా భరించవచ్చు. రేవు పట్నం! చేతికందిన పట్నాన్ని తన పేరు చెప్పే పోగొట్టాడు. ఆ సాయంత్రం ఆ ముఖానికి తను టీ కూడా పెట్టింది.

ఇద్దరూ ఒక్కసారే తలలు తిప్పి చూశారు. సరేగారు స్తంభం చాటున నిలబడి ఖాళీ గ్లాసులోంచి టీ తాగుతున్నాడు.

టైలరమ్మ అటునుంచి ముఖం తిప్పేసింది. "పైలటమ్మా, నేను వస్తాను" అంది.

"భేష్. మీరు ఇద్దరు. మూడోవాళ్ళెవరు?"

ఆఫీసంతా సరేగారి వైపు చూసింది. "నాకు సరే" అన్నాడు, అలవాటు కొద్దీ. నిట్టూర్పు కూడా విడిచాడు. ఆ తర్వాతి మాట కోసం అటూ ఇటూ చూశాడు. ఇటు భార్య ఒప్పుకుంది, అటు మేనేజరు ఒప్పుకున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకైంది ఆయన పని.

అయినా ఆశ చావలేదు. అందరూ విమానం వైపు నడుస్తుంటే ముందు పరుగెత్తి, పైలటమ్మ చెవిలో ఏదో గొణిగాడు. ఆవిడకి ఇంజన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ మెల్లిగా మాట్లాడడమే మర్చిపోయినట్టుంది.

"ఏంటీ? బరువెక్కువైందని నేను ఒప్పుకోలేదని చెప్పాలా? నీ బరువెంతయ్యా, గాలేస్తే ఎగిరిపోతావు! నేనెందుకు ఒప్పుకోను? ఎక్కు!"

మైదానం అవతల చెట్ల మీది పక్షులు కూడా లేచిపోయాయి. టైపిస్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మకి కోపంలోనే ఆయన మీద జాలేసింది. దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా అంది. "భయమైతే భయమని చెప్పండి. ఒక్క మాట. ఎవరూ ఏమీ అనరు, నేను అననివ్వను."

"భయమా? నాకా?" అన్నాడు సరేగారు, పళ్ళు టకటకలాడుతుంటే. ఎక్కేశాడు. కొంతమంది అంతే, భయమని ఒప్పుకోవడానికి కావలసినంత ధైర్యం లేక సాహసాలు చేస్తారు.

ముందు సీటులో పైలటమ్మ పక్కన టైలరమ్మ కూర్చుంది. వెనక ఇద్దరు మగవాళ్ళు. తలుపు బీరువా తలుపులా దబ్బున పడింది. నలుగురి చెవులకీ మైకున్న హెడ్‌ఫోన్లు తగిలించి, "ఇందులో ఒకళ్ళు మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది" అని చెప్పింది పైలటమ్మ. సరేగారు ఆ మాట విన్నాడో లేదో.

విమానం గడ్డిలో గతుకుల మీద పరుగెత్తింది. టైలరమ్మ ఊపిరి బిగపట్టింది. ఒక్కసారిగా గతుకులు ఆగిపోయాయి. నేల వదిలేసింది! ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కింద పొలాలు కత్తిరించడానికి పరిచిన గుడ్డల్లా ఉన్నాయి. ఎక్కడ గీత గీయాలో, ఎక్కడ మడత పెట్టాలో తెలిసిపోతున్నట్టే ఉంది. దూరంగా సరస్సు మెరుస్తోంది. ఇంత లోకం ఉందా, ఇంత లోకం పెట్టుకుని నేను ముందుగదిలో కూర్చున్నానా అనుకుంది.

ఇంతలో చెవుల్లో సన్నగా ఏడుపు రాగం మొదలైంది. "అమ్మా, నాన్నా, తాతయ్యా, నాయనమ్మా..." సరేగారు వంశంలో పోయినవాళ్ళందరినీ వరసగా పిలుస్తున్నాడు. పినతాతల దాకా వచ్చాక మేనేజరు గొంతు వినిపించింది. "సరేగారూ, మీరు పట్టుకున్నది నా తొడండీ."

పైలటమ్మ పగలబడి నవ్వింది. మేనేజరు తొడ వదిలించుకుని, కొంచెం ధైర్యం తెచ్చుకుని, "అమ్మా" అన్నాడు టైలరమ్మతో. "రేవు పట్నం కుర్చీ ఈ నెలలో మళ్ళీ ఖాళీ అవుతోంది. మీకు నిజంగా అభ్యంతరం లేదంటే..."

ఆమెకి అవునండీ అని అరవాలనిపించింది. కానీ ఇన్నేళ్ళూ ఆమె తరఫున ఒకరు మాట్లాడితే ఏమైందో ఇప్పుడే చూసింది. "నన్నడగొద్దు సార్. ఆయన్నే అడగండి" అంది.

"నాకు సరే సార్" అంది వెనకనుంచి గొంతు, వణుకుతూ. నిట్టూర్పు హెడ్‌ఫోన్లలో తుపానులా వినిపించింది. "కానీ మా ఆవిడ..."

"ఇదిగో అయ్యా" అంది పైలటమ్మ. "ఈ డొక్కులో ఉన్నది నలుగురమే. ముగ్గురం ఒప్పుకున్నాం. ఇంకెవరి మీదికి తోస్తావు?"

టైలరమ్మ వెనక్కి తిరగలేదు.

"నాకు భయం" అన్నాడు సరేగారు.

అంత చిన్న మాట అంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ వినలేదు. "కొత్త ఊరంటే భయం. పెద్ద కుర్చీ అంటే భయం. నలుగురిని ఇది చెయ్యండి అని చెప్పాలంటే భయం. స్కూటరన్నా, కొండన్నా... భయపడుతున్నానని తెలిస్తే నువ్వు నవ్వుతావని అంతకన్నా భయం."

టైలరమ్మకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "నవ్వేదాన్నా నేను?" అంది. "చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని కదండీ. మీరేం చేశారు? మీ భయాన్ని తెచ్చి నాకు తొడిగారు. ఊరంతా నన్ను అందులోనే చూసింది." కిటికీ వైపు తిరిగి సరస్సు చూస్తూ కూర్చుంది.

దిగాక జనమంతా చుట్టూ మూగారు. ఎలా ఉంది, ఏం కనిపించింది అని ఒకటే ప్రశ్నలు. మేనేజరు కాళ్ళు నేల మీద ఆనాయని రెండుసార్లు తొక్కి చూసుకుని, సరేగారి వైపు తిరిగాడు.

"మరి కాగితం వెయ్యమంటారా, వద్దంటారా?"

సరేగారు భార్య వైపు చూశాడు. "నన్ను చూడకండి" అందామె. మేనేజరు వైపు చూస్తే ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. పైలటమ్మ గుడ్డతో రెక్క తుడుచుకుంటోంది. ఆయన తరఫున "కాదు" అనిపెట్టే మనిషి ఆ మైదానంలో ఎవరూ దొరకలేదు.

టైలరమ్మ కొంగు చివర వేళ్ళకి చుట్టుకుని నిలబడింది. భయమని చెప్పుకున్నాక ధైర్యం వస్తుందేమో, కథల్లో వచ్చినట్టు. సరే అంటాడేమో. ఈ ఒక్కసారి నిజంగా సరే అంటే బావుణ్ణు.

"వద్దు సార్" అన్నాడు సరేగారు. ముఖం పాలిపోయింది గానీ మాట తడబడలేదు. "మా ఆవిడ ఒప్పుకుంటుంది. మీరూ ఒప్పుకుంటారు. నేనే ఒప్పుకోను. నావల్ల కాదు."

ఆఫీసు నోరు వెళ్ళబెట్టింది. ఆ మనిషి కాదన్నాడు! టైలరమ్మకి గుండె జారిపోయినట్టయింది. ఎంతసేపు? ఒక్క నిమిషం. ఆ తర్వాత ఆమెకి విచిత్రంగా ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళూ ఎవరో కనపడని మేనేజరు కాదన్నాడని తలొంచుకుంది. వాళ్ళాయన ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకుంది. ఇప్పుడా కాదు అన్న మాటకి మనిషి కనిపించాడు. ఆ మనిషి తనకి బాగా తెలుసు. ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడలేదు, ఎన్నిసార్లు గెలవలేదు!

"సరే" అంది. "మీకిష్టం లేదు, మీరు రాకండి. మీ కుర్చీ, మీ ఇష్టం. నేను మాత్రం వెళ్తున్నాను. నా కత్తెర నేను పట్టుకెళ్తాను."

సరేగారు కళ్ళు పెద్దవి చేశాడు. "ఒక్కదానివే? అంత పట్నానికి? నీకు... నీకు భయం లేదూ?"

ముందు టైపిస్టు కిసుక్కుమంది. తర్వాత మేనేజరు, తర్వాత మోకాలి నొప్పాయన, చివరికి క్యాంటీనువాడు. ఏమన్నాడో తనకే ఆలస్యంగా అర్థమై, సరేగారు కూడా చెవులు ఎర్రబడుతుంటే నవ్వేశాడు.

బస్సు బాగైంది. టైలరమ్మ ఈసారి వెనక సీటుకి పోలేదు. ముందు కిటికీ పక్కన కూర్చుని స్నేహితురాలికి ఫోను చేసింది. సరేగారు వచ్చి పక్కనే ఒదిగి కూర్చున్నాడు.

"నేనే. వచ్చేస్తున్నానే. అవును, నిజంగానే... ఆయనా? ఆయన రారు... లేదే, మేనేజరు కాదు. ఆయన చాలా మంచివాడు, పాపం. మా ఆయనే ఒప్పుకోలేదు... అవునే, స్వయంగా తన నోటితోనే అన్నారు." పక్కకి చూసి, భర్త చేతిమీద చెయ్యి వేసింది. "అందుకేనే వస్తున్నాను."